ఇరవయ్యో వంతు

దేవుడు ఆరు రోజులు కష్టపడి లోకాన్ని చేసి, ఏడో రోజు విశ్రాంతి తీసుకున్నాడని ఫాదర్ మార్టిన్ చెబుతాడు. అది చర్చిలో చెప్పుకునే కథ. అసలు జరిగింది వేరు. ఆరో రోజు సాయంత్రం దేవుడు మా అముమాతో పేకాటకి కూర్చున్నాడు. రెండు గంటల్లో సముద్రాలు, నదులు, అప్పుడే చేసిన చేపలు అన్నీ ఆమె వైపుకి జరిగిపోయాయి. ఏడో రోజు ఆయన విశ్రాంతి తీసుకోలేదు, చేతిలో ఏమీ మిగలక ఊరికే కూర్చున్నాడు. నెవాడా ఇంత బోసిగా ఎందుకుందని ఎవరైనా అడిగితే, ఇక్కడి చెట్లన్నీ ఆ రోజే మా అముమా గెలుచుకుందని చెబుతాను.

ఈ మాట ఆమె చెవిన పడితే తిడుతుంది. గొప్పలు చెప్పినందుకు కాదు, లెక్క తప్పినందుకు. అంత ఉన్న దేవుడు రెండు గంటల్లో ఎలా పోగొట్టుకుంటాడు, తన దగ్గరున్న దాంట్లో ఎన్నో వంతు తెచ్చుకున్నాడు అని అడుగుతుంది.

ఆమె పేరు ఫెలీసా ఉగాల్డే. మా అమ్మకి తల్లి; అమ్మమ్మని మా భాషలో అముమా అంటాం. వయసు డెబ్బై తొమ్మిది. నేను పనిచేసే టైర్ల షాపులో ట్రాక్టర్ టైరు నిలబెడితే దానికంటే రెండంగుళాలు తక్కువ ఉంటుంది. ఒకసారి ఆమె మాటల్లో ఉండగా పక్కన నిలబెట్టి కొలిచాను. నా పేరు బెగొ. పదకొండో తరగతిలో భిన్నాలు నన్ను వదిలేశాయి, నేను బడిని వదిలేశాను. ఇప్పుడు నాకు వచ్చిన భిన్నాలన్నీ ఈ ముసలామె నేర్పినవే. అవి మూడు: సగం, పావు, ఇరవయ్యో వంతు. బతకడానికి అవి చాలంటుంది.

మా ఊరు ఎల్కోలో రైలు స్టేషన్ దగ్గర మా జాతివాళ్ళ పూటకూళ్ళ ఇల్లు ఒకటి ఉండేది. గొర్రెల కాపర్లు కొండల మీంచి దిగివచ్చి చలికాలమంతా అక్కడే గదులు తీసుకునేవారు. అముమా ఇరవై ఆరేళ్ళు అక్కడ వంట చేసింది. పొడవాటి బల్ల, అందరికీ ఒకే భోజనం: ముందు శనగల సూపు, తర్వాత చిక్కుడు గింజల కూర, ఆ తర్వాత గొర్రె మాంసం. పళ్ళేలు చేతులు మారుతూ వెళ్ళేవి. ఆ పూటకి పద్నాలుగు మంది వస్తారో నలభై మంది వస్తారో ముందు తెలిసేది కాదు. తక్కువ వండితే తిట్లు, ఎక్కువ వండితే యజమానురాలి చూపులు. పొద్దున్నే కిటికీలోంచి గాలి చూసి, స్టేషన్లో ఆగిన రైలు పెట్టెలు చూసి, ఎంత మాంసం కొయ్యాలో తేల్చుకునేది. ఎంత వండాలో తెలిసినవాడికి ఎంత పందెం కాయాలో తెలుస్తుందని ఇప్పటికీ అంటుంది. పేకముక్కలు చూడటం ఎవడికైనా వస్తుందట. కష్టమంతా ఎంత పెట్టాలన్న దగ్గరే ఉందట.

పూటకూళ్ళ ఇంటి వెనక గదిలో చలికాలం మొత్తం పేకాట నడిచేది. అముమా గుమ్మం దగ్గర బంగాళాదుంపల చెక్కు తీస్తూ చూసేది. ఒకసారి సిరియాకో అనే కాపరి రెండేళ్ళ జీతం జేబులో పెట్టుకుని దిగాడు. రెండేళ్ళు కొండల మీద గొర్రెలతో, కుక్కతో తప్ప ఎవరితోనూ మాట్లాడని మనిషి. మూడో రోజు అతని చేతిలో మూడు ఆసులు పడ్డాయి. ఉన్నదంతా కాశాడు. ఎదుటివాడి దగ్గర చిన్న ముక్కలే, కాని అయిదూ ఒకే గుర్తువి, అవి మూడు ఆసుల్ని కొట్టేస్తాయి. సిరియాకో లేచి, టోపీ పెట్టుకుని, అముమాని ఒక గిన్నె సూపు అడిగాడు. డబ్బులు లేవని కూడా చెప్పాడు. మర్నాడు తిరిగి కొండ ఎక్కాడు, ఇంకో రెండేళ్ళకి.

అతను మూర్ఖుడని అందరూ అన్నారు. అముమా ఒప్పుకోలేదు. మూడు ఆసుల మీద కాయడం తప్పు కాదంది. అవి పదిసార్లలో తొమ్మిదిసార్లు గెలుస్తాయి. అతను తప్పింది ముక్కల్లో కాదు, కాసిన మొత్తంలో. పదోసారి వస్తుందని తెలిసినవాడు పదోసారి తర్వాత కూడా భోజనం ఉండేటట్టు కాయాలి.

ఆ రాత్రే ఆమె చోరిసోలనే మాంసం సాసేజీలు కొవ్వులో దాచే రేకు డబ్బా ఒకటి కడిగి, ఆరబెట్టి, తన పేకాట డబ్బులు అందులో వేయడం మొదలుపెట్టింది. అప్పుడు పెట్టుకున్న నియమం ఇప్పటిదాకా మారలేదు. డబ్బాలో ఎంత ఉందో అందులో ఇరవయ్యో వంతు మాత్రమే బల్ల దగ్గరికి తీసుకెళ్ళాలి. డబ్బా నిండితే పెద్ద బల్ల, తగ్గితే చిన్న బల్ల. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఇరవయ్యో వంతు అన్నిటికంటే చిన్న బల్లకి కూడా చాలనప్పుడు ఆట అయిపోయినట్టు. ఇంకెవరి డబ్బూ అందులో పడకూడదు. పింఛను డబ్బు పడకూడదు, నా జీతం అసలే పడకూడదు.

నాకు పదమూడేళ్ళప్పుడు శనగగింజలతో సగం, పావు రెండూ నేర్పింది. వంటింటి బల్ల మీద ఇరవై గింజలు కుప్ప పోసి, అది అప్పటికే ఇద్దరం కాసిన సొమ్ము అనుకోమంది. నా దగ్గర నాలుగు ఆఠీన్లు ఉన్నాయనుకోమంది. ఐదో ఆఠీను పడితే నేను గెలుస్తాను, పడకపోతే ఆమె గెలుస్తుంది. ఇంకా ఒక్క ముక్కే రావాలి. అయిదుసార్లలో ఇంచుమించు ఒక్కసారే అది పడుతుంది. అప్పుడు తను ఎన్ని గింజలు కాయాలి అని నన్నడిగింది. ఉన్నవన్నీ అన్నాను.

"అన్నీ కాస్తే నువ్వు ముక్కలు పడేసి పారిపోతావు, నాకేం మిగులుతుందే మొద్దూ?" అంది.

అయిదు గింజలు కాస్తే నేను అయిదు పెట్టి పాతిక కోసం ఆడినట్టు. అప్పుడు ఆరింట ఒకసారి గెలిచినా నాకు నష్టం లేదు. వచ్చేది అయిదింట ఒకసారి కాబట్టి ఆ బేరం నాకే లాభం. పది కాస్తే నేను పది పెట్టి ముప్ఫై కోసం ఆడినట్టు. నాలుగింట ఒకసారి గెలవాలి. గెలవలేను, కాని గెలుస్తానేమో అనిపిస్తుంది. అనిపించేటంత ఖరీదు, లాభం రానంత ఖరీదు. అదే సగం కుప్ప. మనిషి వదులుకోలేనంత చవగ్గా, మనకి గిట్టుబాటయ్యేంత ప్రియంగా అమ్మాలంది. అది అర్థమైన రోజున నేను బడిలో పిల్లలకి చాక్లెట్లు అమ్మడం మొదలుపెట్టాను. బడి వదలడానికి భిన్నాలే కాక ఇంకో కారణం కూడా ఉందని ఇప్పుడు మీకు తెలిసింది.

సగం కుప్ప ఆమెకి ఎంత అలవాటంటే, ముప్ఫై ఏళ్ళుగా ఆడుతున్న టాకెట్ గారి కార్డు గదిలో ఆమె చెయ్యి డబ్బుకి బదులు వాడే బిళ్ళల వైపు వెళ్ళకముందే ముక్కలు పంచే కోరలీ మధ్య కుప్పని కళ్ళతో సగం చేసేది. అముమా ఒకరిని బట్టి కొంచెం పెంచేది, ఒకరిని బట్టి కొంచెం తగ్గించేది. చేతిలో ఏమీ లేకపోయినా, అన్నీ ఉన్నా అదే చెయ్యి, అదే ఊపిరి, అదే లెక్క. అబద్ధానికి ఒక ధర, నిజానికి ఒక ధర పెట్టేవాడు దొరికిపోతాడంటుంది.

ఆ గదిలో పొద్దున్న పది గంటల ఆట మంగళవారం, గురువారం ఉంటుంది. ముసలివాళ్ళ ఆట. కాఫీ ఉచితం. ఎప్పుడూ కనిపించేవాళ్ళలో ఇద్దరి గురించి చెబితే చాలు. ఒకరు హార్లన్ ప్రూయిట్, గడ్డి మోపులు అమ్ముతాడు, మాట్లాడడు. రెండోవాడు వెండెల్ స్టబ్స్, రైళ్ళలో పనిచేసి రిటైరయ్యాడు, మాట్లాడటం ఆపడు. వెండెల్ దగ్గర ఒక ఇత్తడి విజిల్ ఉంది, రైలు రోజులనాటిది. మంచి ముక్కలు వస్తే చాలు, ఎగిరిపోతాయన్నట్టు విజిల్ తీసి వాటి మీద బరువు పెడతాడు. పనికిరాని ముక్కల మీద పెట్టడు. ఈ సంగతి ఊరంతటికీ తెలుసు, అతనొక్కడికే తెలియదు. ముప్ఫై ఏళ్ళుగా ఆ గదిలో సగం మంది ఆ విజిల్ మీదే బతికారు. ఎవరూ నోరు మెదపలేదు. పాలిచ్చే ఆవుకి నువ్వు ఆవువని చెప్పరు కదా.

ఆమె కంటికి శుక్లాలు తీశాక నేనే కారులో దింపుతున్నాను. ఆట అయ్యేదాకా కౌంటరు దగ్గర కాఫీ తాగుతూ కూర్చుంటాను. అంతకు ముందు నాకు తెలియని సంగతులు అప్పుడు చూశాను. గది ముందు నాలుగు మెట్లున్నాయి, రెండెక్కి ఆగుతుంది. కుర్చీలో కూర్చోగానే బల్ల కింద బూట్లు వదులు చేసుకుంటుంది. ముక్కలు పంచుతున్నంతసేపూ కళ్ళు మూసుకుంటుంది. నిద్రపోతోందని ఎవరైనా అనుకుంటే వాళ్ళ పని అయినట్టే. కాని ఇంటికొచ్చేటప్పుడు కారులో నిజంగానే నిద్రపోయేది. గెలిచినా అంతే, ఓడినా అంతే. ఎంత వచ్చిందని అడిగితే పద్దెనిమిది అనో, పోయింది పన్నెండనో, ఎవరిదో సంగతి చెప్పినట్టు చెప్పేది.

డబ్బా బాగా బరువున్న రోజుల్లో పద్నాలుగు వేలు ఉండేదట. ఇరవయ్యో వంతు ఏడు వందలు. పెద్ద బల్ల దగ్గర, గనుల ఇంజనీర్ల మధ్య కూర్చునేది. తర్వాత పూటకూళ్ళ ఇల్లు మూసేశారు, ఖర్చులన్నీ డబ్బా మీదే పడ్డాయి. మోకాలు మార్పించుకుంది. ఇంటి పైకప్పు ఎగిరిపోయింది. నా ట్రక్కు గేర్‌బాక్సు పోయింది. ఆ గేర్‌బాక్సు గురించి ఇంకేమీ రాయను. ఆమె కూడా ఒక్క మాట అనలేదు, అదే నాకు బరువు. బల్ల తర్వాత బల్ల దిగుతూ వచ్చి చివరికి పది గంటల ఆట దగ్గర ఆగింది. అక్కడ కూర్చోవాలంటే కనీసం నలభై డాలర్లు కావాలి. అంటే డబ్బాలో ఎనిమిది వందలు ఉండాలి.

పోయిన చలికాలం ముక్కలు అస్సలు రాలేదు. ఫిబ్రవరిలో ఒక గురువారం ఇంటికొచ్చి, బల్ల మీద డబ్బా బోర్లించి లెక్కపెట్టింది. ఎనిమిది వందల అయిదు.

"నలభై డాలర్ల పావు," అంది. "ఇంకొక్క చెడ్డ రోజు. అంతే."

మూత పెట్టి, చెయ్యి దాని మీదే ఉంచి, చాలాసేపు కిటికీ వైపు చూసింది. ముప్ఫై ఏళ్ళ కుర్చీ పోతోందని చూస్తోంది అనుకున్నాను. నియమం తప్పమని అడగాలనిపించింది. నా జీతంలో ఒక వంద అందులో వేయనా అని అడగాలనిపించింది. అడగలేదు. నియమాల విషయంలో ఆమెతో వాదించడం గొర్రెతో చదరంగం ఆడటమే.

అడగకుండా ఇంకో పని చేశాను. ఆ తర్వాతి మంగళవారం ఆట మధ్యలో ఆమె బాత్రూంకి వెళ్ళినప్పుడు వెండెల్ కౌంటరు దగ్గరికి వచ్చి, మీ ముసలామె ఎందుకంత నీరసంగా ఉందని అడిగాడు. నాకు నోటికి మూత లేదు. డబ్బా సంగతి, ఎనిమిది వందల సంగతి, ఒక్క చెడ్డ రోజు సంగతి అన్నీ చెప్పేశాను. అతను తల గోక్కున్నాడు. సరేలేమ్మా అన్నాడు. వెళ్ళి హార్లన్ చెవిలో ఏదో చెప్పాడు. హార్లన్ మామూలుగానే తల మాత్రం ఊపాడు.

ఆ రోజు అముమా ముప్ఫై ఒకటి గెలిచింది. గురువారం నలభై నాలుగు. తర్వాతి మంగళవారం కూడా గెలిచింది, ఆ తర్వాత కూడా. రెండు వారాలు దాటి అయిదు ఆటలయ్యేసరికి డబ్బాలో వెయ్యీ ఇరవై ఉంది. నేను కారులో పాటలు పాడాను. అదృష్టం తిరిగిందని అన్నాను. ఆమె నిద్రపోలేదు. ఆ రెండు వారాలూ ఆమె కారులో నిద్రపోలేదని నాకు తర్వాత గుర్తొచ్చింది.

అయిదో ఆట నుంచి వచ్చిన సాయంత్రం చిక్కుడు గింజలు నానబోస్తూ మామూలుగా మాట్లాడింది. తను సగం కుప్ప కాస్తే ఆ గదిలో మూడుసార్లలో రెండుసార్లు ఎవరో ఒకరు అంతే సొమ్ము పెట్టి వెంట వస్తారట. ముప్ఫై ఏళ్ళుగా అంతే. వర్షాకాలం, ఎండాకాలం, ఎవరు చచ్చిపోయినా, ఎవరు కొత్తగా వచ్చినా ఇంచుమించు అంతే. ఈ అయిదు ఆటల్లో ముప్ఫై ఆరుసార్లు కాసింది. ఏడుసార్లే వచ్చారు. ఇరవై తొమ్మిదిసార్లు పడేశారు.

అదృష్టం అన్నాను.

"అదృష్టం ముక్కల్లో ఉంటుంది," అంది. "మనుషులు పడేయడం అదృష్టం కాదు."

నేను గిన్నె కడగడానికి వెళ్ళాను. అంతవరకూ కడగమని చెప్పించుకోకుండా ఆ ఇంట్లో నేను గిన్నె కడిగింది లేదు. ఆమె అది కూడా లెక్కలో వేసుకునే ఉంటుంది.

గురువారం పొద్దున్న డబ్బా తెరిచి యాభై తీసి పర్సులో పెట్టుకుంది. అది ఇరవయ్యో వంతే. తర్వాత ఇంకొన్ని నోట్లు లెక్కపెట్టి, కవరులో పెట్టి, చేతిసంచిలో వేసింది. నియమం కంటే ఎక్కువ ఇంటి బయటికి వెళ్ళడం నేను చూడటం అదే మొదలు. ఎందుకని అడిగితే కారు తియ్యమంది.

నాలుగు మెట్లూ ఆగకుండా ఎక్కింది. అది కూడా నాకు నచ్చలేదు.

గంటన్నర మామూలుగానే ఆడింది. పది డాలర్లు వచ్చాయి. అప్పుడొక ఆటలో ఆమె, వెండెల్ ఇద్దరే మిగిలారు. కుప్పలో ఇరవై నాలుగు డాలర్లు, అందులో సగం ఆమెవే; ఆమె ముందు నలభై ఎనిమిది బిళ్ళలు మిగిలాయి. ఈ ఆటలో ఒక్కొక్కరి చేతిలో రెండు ముక్కలు, మధ్యలో అందరికీ కలిపి అయిదు; ఆ అయిదూ తిరగబడ్డాయి: రెండు రాజులు, ఒక జాకీ, తొమ్మిది, నాలుగు. వెండెల్ ముక్కల మీద విజిల్ ఉంది. మూడో ముక్క తిరగబడినప్పటి నుంచీ ఉంది. రాజు లేకుండా అతను దాన్ని అంత తొందరగా తీయడు. మధ్యలో రెండు, చేతిలో ఒకటి, అలా మూడు రాజులు పెట్టుకుని అతను పందెం కాయకుండా బల్ల మీద మెల్లగా రెండుసార్లు తట్టి, నీ ఇష్టం అన్నట్టు చూశాడు.

అముమా కుప్ప వైపు చూడలేదు. కోరలీ మాత్రం అలవాటుగా కళ్ళతో సగం చేసి పెట్టుకుంది. అముమా రెండు చేతులూ బిళ్ళల వెనక పెట్టి అన్నీ ముందుకి తోసింది. నలభై ఎనిమిది. కుప్పకి రెండింతలు.

ముప్ఫై ఏళ్ళలో ఆమె కుప్పకి మించి కాయలేదు. బల్ల మీద ఉన్నదంతా ఒకేసారి తోయలేదు. కోరలీ ఆ బిళ్ళలు లెక్కపెట్టడానికి రెండుసార్లు మొదలుపెట్టాల్సి వచ్చింది. నేను కౌంటరు దగ్గర కుర్చీ దిగి నిలబడ్డాను. మూడు రాజులున్న మనిషి ఆ పందేనికి నవ్వుతూ వెంట రావాలి. మామూలు వెండెల్ అయితే రావడమే కాదు, రైలు కూత కూడా కూస్తాడు.

వెండెల్ చాలాసేపు ముక్కల వైపు చూశాడు. గడ్డం రుద్దుకున్నాడు. హార్లన్ వైపు చూశాడు. హార్లన్ కాఫీలోకి చూసుకున్నాడు. అప్పుడు వెండెల్ విజిల్ తీసి జేబులో వేసుకుని, ముక్కలు బోర్లా తోసేశాడు.

"ఇవాళ నీదే రోజు ఫెలీసా," అన్నాడు.

అముమా తన ముక్కలు తిప్పింది. ఆఠీను ఏడు, కళావరు రెండు. ఇంతకంటే చెత్త ముక్కలు పేకలో లేవు.

కోరలీ కుప్పని ఆమె వైపు తోయడానికి చెయ్యి చాపి అలాగే ఆగిపోయింది.

"నీ దగ్గరేముందయ్యా వెండెల్?"

"ఏమీ లేదు."

"ఏమీ లేనప్పుడు నువ్వు విజిల్ పెట్టవు," అంది అముమా.

మెల్లగా అంది, కోపంగా కాదు. అయినా బల్ల చుట్టూ తలలన్నీ ఒక్కసారి కిందికి దిగాయి. వెండెల్ చెయ్యి జేబు మీదికి వెళ్ళింది. ఒక్కొక్కరి ముఖం చూస్తూ వచ్చాడు, హార్లన్‌ది, కోరలీది, ఆఖరికి నాదీ. ముప్ఫై ఏళ్ళు వెనక్కి లెక్కపెట్టుకుంటున్నాడని తెలుస్తూనే ఉంది. అప్పుడు నాకు అర్థమైంది. మళ్ళీ ఆ కుర్చీలో కూర్చోవాలనుకునే మనిషి ఆ మాట అనదు. ఆ గదిలో ఎవరి చేతిలోనైనా ఉన్న అన్నిటికంటే విలువైన ముక్క అదే. ఆమె దాన్ని తిప్పి బల్ల మీద పెట్టేసింది.

చేతిసంచి తెరిచి కవరు తీసి బిళ్ళల పక్కన పెట్టింది. అందులో నూట అరవై అయిదు ఉందని, ఇక్కడ కూర్చోవడానికి కట్టిన యాభైతో కలిపితే అయిదు ఆటల్లో వచ్చినదంతా అయిందని కోరలీకి చెప్పింది. ఎవరెవరు ఎన్ని పడేశారో వాళ్ళకే తెలుసు కాబట్టి వాళ్ళే పంచుకోవాలంది. వెండెల్ అది తీసుకోమని బతిమాలబోయాడు. స్నేహితులం కదా అన్నాడు. తను జబ్బుపడితే స్నేహితుడిగా సూపు తెచ్చి పెట్టవచ్చని, ముక్కలు పడేయవద్దని చెప్పింది. వంగి బూట్ల తాళ్ళు కట్టుకోబోయింది, అందలేదు. హార్లన్ మోకాళ్ళ మీద కూర్చుని కట్టాడు. ఆమె కట్టనిచ్చింది.

కారు మూడు వీధులు దాటింది. నేనే చెప్పేశాను. వెండెల్‌కి నేనే చెప్పానని, కుర్చీ పోతుందని భయపడ్డానని, గేర్‌బాక్సు సంగతి కూడా కలిపి ఏడ్చాను. తెలుసంది. గిన్నె కడిగినప్పుడే తెలిసిందంది. తర్వాత సీటుకి తల ఆనించి, ఇల్లు వచ్చేలోపే నిద్రపోయింది. నోరు తెరుచుకుని, చిన్నగా గురక పెడుతూ. కారు ఆపి, లేపడానికి మనసొప్పక, ఇంటి ముందు గంటసేపు కూర్చున్నాను.

ఆ తర్వాత నాలుగు వారాలు గడిచాయి. మంగళవారాలు, గురువారాలు ఆమె పదింటిదాకా పడుకుంటోంది. వెండెల్ రెండుసార్లు ఇంటికొచ్చాడు. మొదటిసారి సూపు తెచ్చాడు, ఉప్పెక్కువైంది, చెప్పించుకుని వెళ్ళాడు. రెండోసారి, ఇకమీదట ఎవరూ దయ చూపించరని, అందరి చేతా బైబిలు మీద ఒట్టు వేయించానని చెప్పాడు. ఆ విజిల్ ఇప్పుడు ప్రతి ఆటలోనూ, ప్రతి ముక్క మీదా పెడుతున్నాడట. హార్లన్ చాలా నష్టపోతున్నాడట.

నిన్న సాయంత్రం ఆమె వేడినీళ్ళ బకెట్లో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటే, ఇక్కడిదాకా రాసింది చదివి వినిపించాను. మొదటి పేరా కూడా ధైర్యం చేసి చదివాను. ఆఖరికి అడిగాను: డబ్బాలో ఇంకా ఎనిమిది వందల అయిదు ఉంది, ఇరవయ్యో వంతు నలభైకి సరిపోతుంది, లెక్క ఒప్పుకుంటోంది, వాళ్ళు ఒట్టు కూడా వేశారు, మరి ఎందుకు వెళ్ళవని.

"ఆ ఆట నాకు విసుగొచ్చి ఆరేళ్ళయిందే," అంది. "ఎనిమిది వందల కిందికి ఎప్పుడు పడుతుందా, ఎప్పుడు పడుకుందామా అని చూస్తున్నాను. అయిదు డాలర్ల దూరంలో ఉండగా నువ్వు నోరు తెరిచావు."